అవ్వను తీసుకెళ్ళకూడని సినిమా

2018 జూన్ 1న 'వీరే ది వెడ్డింగ్' అనే హిందీ సినిమా విడుదలైంది. కరీనా కపూర్, సోనమ్ కపూర్, స్వరా భాస్కర్, శిఖా తల్సానియా అందులో చిన్ననాటి స్నేహితురాళ్ళు. ఒకరి పెళ్ళికని నలుగురూ కలుస్తారు. తాగుతారు, బూతులు తిట్టుకుంటారు, మొగుళ్ళ చేతకానితనం గురించీ పడకటింటి ముచ్చట్ల గురించీ నోరారా మాట్లాడుకుంటారు. సెన్సార్ వాళ్ళు 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చారు. స్వర పాత్ర గదిలో ఒంటరిగా తన సుఖం తాను చూసుకుంటుండగా మొగుడు తలుపు తీసుకుని లోపలికొచ్చే సన్నివేశం ఒకటుంది. దాని మీద ట్విట్టర్‌లో పెద్ద రచ్చ జరిగింది. రచ్చ మామూలే గానీ అందులో ఒక విచిత్రం బయటపడింది. మా నానమ్మతో కలిసి సినిమాకు వెళ్ళాం, ఆ సీను రాగానే సిగ్గుతో చచ్చిపోయాం అనే ఫిర్యాదు దాదాపు అవే మాటలతో ఎన్నో ఖాతాల్లో ప్రత్యక్షమైంది. ఒక్క నానమ్మకు ఇంతమంది మనవలెలా పుట్టుకొచ్చారని జనం నవ్వుకున్నారు. అయితే ఆ ఫిర్యాదు రాసినవాళ్ళు ఏరికోరి నానమ్మనే ఎందుకు తెచ్చుకున్నారో ఆలోచించాలి. నానమ్మ అంటే మడి, జపమాల, చెవులు మూసుకునే మనిషి అని వాళ్ళ ఊహ. కర్నూలు జిల్లా కోడుమూరు వైపు అవ్వలను ఎరిగినవాళ్ళెవరూ ఆ పొరపాటు చెయ్యరు. ఆ అవ్వను నిజంగానే హాలుకు తీసుకెళ్ళి ఉంటే తల దించుకోవాల్సింది మనవడే. ఆడవాళ్ళు ముందుండి నడిపే మోటు హాస్యం మన సినిమాకు కొత్తేమో గానీ మన ఆడవాళ్ళకు కొత్త కాదు. దాన్ని చూసి హాయిగా నవ్వుకున్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నది.

హంద్రీ పారే కోడుమూరు ప్రాంతం చాలావరకు మెట్ట సీమ. వానొస్తే వేరుశనగ, పత్తి, కంది; రాకపోతే సుగ్గి, అంటే కూలికి వలస. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప కోతలకు తరలిపోవడం ఏటా చూసేదే. ఈ పొలం పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్ళు గుంపుగా చేసేవి. విత్తనం కాయలు ఒలవడానికి పదిమంది చుట్టూ కూర్చున్నా, కలుపుకు వరసగా వంగినా చేతులకే పని, నోరు ఖాళీ. ఆ నోటికి పని కల్పించేవి వరసలు. వదినను మరదలు, అక్క మొగుణ్ణి చెల్లెలు, మేనత్త కొడుకును మేనమామ కూతురు ఎంత మాటైనా అనొచ్చు. అనకపోతేనే మనసులో ఏదో పెట్టుకుందనుకుంటారు. కొత్తగా పెళ్ళైన పిల్ల కాస్త పొద్దెక్కి పనిలోకొచ్చిందంటే రాత్రి సంగతులు ఆరా తీసే బాధ్యత గుంపులో పెద్దామె నెత్తికెత్తుకుంటుంది. పెళ్ళిళ్ళలో ఇదంతా పాటవుతుంది. నలుగు పెట్టేటప్పుడు, గంధం పూసేటప్పుడు, వసంతాలాడేటప్పుడు, మగపెళ్ళివారు పంక్తికి కూర్చున్నప్పుడు వియ్యపురాలి మీద పాటలు కట్టి పాడటం తెలుగునాట అంతటా ఉంది. ముందు ఆమె తిండి యావ ఎత్తుకుంటారు, లడ్లు కొంగులో దాచుకుందంటారు. తర్వాత వంటవాడితో ఆమెకేం పనంటారు. ఆపైన ఆమె మొగుడి సంగతికి వస్తారు. వరస ఎప్పుడూ ఇంతే, కడుపుతో మొదలై కిందికి దిగుతుంది. వియ్యపురాలు కోప్పడకూడదు. తన వైపు గొంతున్న మనిషిని ముందుకు తోసి, అంతకు రెండింతలు జవాబు చెప్పించాలి. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ పరిశోధన 1958లో పుస్తకంగా వచ్చింది. అంతకు ముందూ తర్వాతా ఎందరో ఇలాంటి పాటలు సేకరించారు. అచ్చుకెక్కినవి చూస్తే మాత్రం చాలావరకు మర్యాదైనవే. పచ్చివి సేకర్తల దగ్గరే ఆగిపోయాయో, మగ పంతులుగారి ముందు పాడేవాళ్ళే మింగేశారో గానీ, పుస్తకంలో లేనంత మాత్రాన లోకంలో లేవనుకోకూడదు.

పెళ్ళి పందిట్లోనూ పొలం గట్టునా ఉండిపోయిన ఈ నవ్వు ఒక్కచోట మాత్రం ఊరందరి ముందుకూ వచ్చింది. అది తోలుబొమ్మలాట. సీమలో ఈ ఆటకు పేరున్న ఊరు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును వెలుగు పారేంత పలచగా సాపుచేసి, రంగులద్ది, ఆ బొమ్మల్ని తెల్లటి తెరకు ఆనించి, వెనక దీపం పెట్టి రాత్రంతా రామాయణమో భారతమో ఆడతారు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఉన్నట్టుండి దేవుళ్ళు పక్కకు తప్పుకుంటారు. బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు తెర మీదికి దూకుతారు. మొగుడు పోలిగాడితో జగడం, కేతిగాడితో సరసం, ఇదీ బంగారక్క వ్యవహారం. మొగుడు ఎందుకు కొరగాడో చెప్పేటప్పుడు ఆమె మాటల్లో దాపరికం ఉండదు, బొమ్మ నడుము తిప్పుడులో అసలే ఉండదు. తెర వెనక ఆడబొమ్మలకు గొంతిచ్చేది ఎక్కువగా ఆ కళాకారుల ఇళ్ళలోని ఆడవాళ్ళే. అంటే సినిమా పుట్టకముందే మన పల్లెల్లో, వెలుగుతున్న తెర మీద, ఒక ఆడబొమ్మ ఒక ఆడమనిషి గొంతుతో తన కోరిక గురించి పచ్చిగా మాట్లాడి ఊరిని నవ్వించింది. ముందు వరసలో పిల్లలు, వెనక అరుగుల మీద ముసలివాళ్ళు. రాముడి కథ నడుమ ఇదేం అప్రాచ్యమని ఎవరూ లేచిపోలేదు. రెండో జాము దాటాక జనాన్ని నిద్రపోకుండా కూర్చోబెట్టేది బంగారక్కేనని ఆట ఆడేవాళ్ళకూ తెలుసు, చూసేవాళ్ళకూ తెలుసు.

సినిమా వచ్చాక తెర మిగిలింది, బంగారక్క మాయమైంది. మోటు హాస్యం మాత్రం ఎక్కడికీ పోలేదు, చేతులు మారిందంతే. 1986లో వంశీ తీసిన 'లేడీస్ టైలర్'నే చూడండి. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లను చేసుకుంటే దశ తిరుగుతుందని నమ్మిన దర్జీ సుందరం, ఊళ్ళో ఆ మచ్చ ఎవరికుందో కనిపెట్టడానికి పడే పాట్లే కథ. రాజేంద్రప్రసాద్ వెకిలి అమాయకత్వం, ఇళయరాజా పాటలు, గోదావరి పల్లె కలిసి ఇప్పటికీ నవ్విస్తాయి, ఆ మాట దాచక్కర్లేదు. కానీ కొలతలు తీసేది అతను, ఇచ్చేది వాళ్ళు. సుందరాన్ని కొలిచి చూసే సందర్భం ఆ కథలో ఏ పిల్లకూ రాదు. మారుతి 2012లో తీసిన 'ఈ రోజుల్లో', 'బస్ స్టాప్' కుర్రకారు మాటల్ని ఉన్నదున్నట్టు తెర మీదికి తెచ్చి లాభాలు చేసుకున్నాయి. 2021లో ఓటీటీలో వచ్చిన 'ఏక్ మినీ కథ'కు ఒక కుర్రాడి అంగం కొలత గురించిన బెంగే కథావస్తువు. దాన్ని నానమ్మతో కలిసి చూసి నలిగిపోయామని ఎవరూ మొరపెట్టుకోలేదు. టీవీలో 2013 ఫిబ్రవరిలో మొదలైన 'జబర్దస్త్' మరీ తమాషా. తొలి సంవత్సరాల్లో ఆ స్కిట్లలో భార్య, మరదలు, పక్కింటావిడ వేషాలకు ఎక్కువగా చీర కట్టింది మగవాళ్ళే. అప్పట్లో న్యాయనిర్ణేత కుర్చీలో రోజా, వ్యాఖ్యాతలుగా అనసూయ, రష్మి ఉండేవారు. నవ్వడానికి ఆడవాళ్ళు, నవ్వించడానికి ఆడవేషం వేసిన మగవాళ్ళు! పచ్చిమాట చీర కట్టిన మగాడు అంటే వినోదం, అదే మాట ఆడమనిషి అంటే అప్రతిష్ట అన్న లెక్క అందులో చెప్పకుండానే ఉంది. మరి మనకు హాస్యనటీమణులు లేరా అంటే, సూర్యకాంతం, రమాప్రభ, శ్రీలక్ష్మి ఉన్నారు. 'శ్రీవారికి ప్రేమలేఖ'లో సినిమా కథను టైటిల్స్ దగ్గర్నుంచీ చెప్పి మొగుడి ప్రాణం తోడేసిన శ్రీలక్ష్మిని ఎవరు మరిచిపోతారు? కానీ ఆ పాత్రలకు మనవాళ్ళు నోరిచ్చారు, కోరిక ఇవ్వలేదు. ఇచ్చినా, ఆ మొహానికి కోరికొకటా అని ఎగతాళి చెయ్యడానికే ఇచ్చారు.

పగ్గాలు ఆడవాళ్ళ చేతికొస్తే హాస్యం ఎలా మారుతుందో 2011 నాటి హాలీవుడ్ సినిమా 'బ్రైడ్స్‌మెయిడ్స్'లో స్పష్టంగా కనిపిస్తుంది. దర్శకుడు పాల్ ఫీగ్ మగవాడే గానీ, కథ రాసింది క్రిస్టెన్ విగ్, ఆనీ మమోలో. విగ్ నాయిక కూడా. పెళ్ళికూతురూ స్నేహితురాళ్ళూ కలిసి బట్టలు చూసుకోవడానికి ఓ ఖరీదైన కొట్టుకు వెళ్తారు. అంతకుముందు నాయిక ముచ్చటపడి తీసుకెళ్ళిన చవక హోటల్లో తిన్నది అప్పుడే కడుపులో తిరగబడుతుంది. చుట్టూ తెల్లటి అలంకరణ, ఒంటి మీద పట్టు గౌన్లు, మొహాల మీద చెమట. సంగతేమిటో అందరికీ తెలుసు, పైకి ఒప్పుకునేవాళ్ళు లేరు. హోటల్ ఎంపిక చేసిన పాపానికి నాయిక తనకేమీ కాలేదని నిరూపించుకోవాలి. పాలిపోయిన మొహంతో, చెమటలు కక్కుతూ, స్నేహితురాళ్ళలో తనకు పోటీగా ఉన్నామె అందించిన బాదంపప్పు మిఠాయిని మెల్లగా నములుతుంది. చివరికి పెళ్ళికూతురు పెళ్ళి గౌనుతోనే బాత్‌రూం వెతుక్కుంటూ పరుగెత్తి, రోడ్డు దాటలేక నడివీధిలో కూలబడుతుంది. ఇంతకన్నా మోటు సన్నివేశం ఉండదు. అయినా అందులో ఒక్క అంగుళం కూడా మగచూపు కోసం పెట్టింది లేదు. తెర మీద ఆడదాని ఒళ్ళంటే చూపించడానికే అనుకునేవాళ్ళకు, ఆ ఒంటికి పేగులు కూడా ఉంటాయనీ, అవి పరువు తీస్తాయనీ, పరువు పోయినా స్నేహం నిలుస్తుందనీ చెప్పింది ఆ సన్నివేశం. మన వియ్యపురాలి పాట కూడా కడుపుతోనే మొదలవుతుంది కదా. మూడుంపావు కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమా ప్రపంచమంతటా 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. స్క్రీన్‌ప్లేకు ఒకటి, సహాయనటి మెలిస్సా మెకార్తీకి ఒకటి చొప్పున రెండు ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది.

తెలుగువాళ్ళు అటువైపు తొంగి చూడలేదని కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు 1994లో కమల్ హాసన్ నిర్మాతగా తమిళంలో తీసిన 'మగళిర్ మట్టుం' మనకు 'ఆడవాళ్ళకు మాత్రమే' పేరుతో వచ్చింది. ఆఫీసులో ఆడవాళ్ళను వేధించే అధికారిగా నాజర్, అతని పని పట్టేవాళ్ళుగా రేవతి, ఊర్వశి, రోహిణి. 1980 నాటి హాలీవుడ్ సినిమా '9 టు 5' ఛాయ ఉన్నా సరదా మాత్రం అచ్చంగా ఇక్కడిది. 2019లో నందినీరెడ్డి తీసిన 'ఓ బేబీ' ఇంకాస్త దగ్గరికొచ్చింది. డెబ్బై ఏళ్ళ ముసలావిడ ఒక్క రాత్రిలో పడుచుపిల్లగా మారిపోయే ఈ కథ కొరియా సినిమా 'మిస్ గ్రానీ'కి రీమేక్. సమంత కాళ్ళు బారజాపి కూర్చుని, ఒళ్ళు విరుచుకుని, మగపిల్లలకు మొహమాటం లేకుండా బుద్ధి చెబుతుంటే హాలు గొల్లుమంది. లోపలున్నది లక్ష్మి పోషించిన అవ్వ కాబట్టే ఆ నోటి దురుసు చెల్లింది. అదే మాటలు ఇరవై నాలుగేళ్ళ పిల్ల సొంతంగా అంటే చెల్లేవా? పొలంలో పెద్దామెకున్న చనువునే సినిమా అరువు తెచ్చుకుంది. 2023లో వచ్చిన 'మిస్ శెట్టి మిస్టర్ పొలిశెట్టి'లో అనుష్క పాత్ర పెళ్ళి లేకుండా, దాత వీర్యంతో బిడ్డను కనాలనుకుంటుంది. మోటు హాస్యానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. కానీ అక్కడా నవ్వించే పని నవీన్ పొలిశెట్టిది, హుందాగా నిలబడే పని ఆమెది. సినిమా బాగానే ఉంది, భయమే బయటికి కనిపిస్తూ ఉంది.

ఇక అభ్యంతరాల సంగతి. మగాడు చేస్తే వెకిలితనం, ఆడది చేస్తే విముక్తా, బూతు ఎవరన్నా బూతే కదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ ప్రశ్నను వందేళ్ళ కిందటే గాయని బెంగళూరు నాగరత్నమ్మ తిరగేసి అడిగారు. తంజావూరు ఆస్థానంలో కవయిత్రి ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో ఆమె మళ్ళీ అచ్చువేయించారు. ఆడవాళ్ళు వినడానికే తగని మాటలు ఆడదాని నోట రావడమేమిటన్న ధోరణిలో అంతకుముందే వీరేశలింగం గారు ఆ కావ్యాన్ని దుయ్యబట్టి ఉన్నారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, అంతకన్నా పచ్చిగా రాసిన మగకవుల మీద ఈ ఆగ్రహం ఏమైందని నాగరత్నమ్మ నిలదీశారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. కాబట్టి కొలబద్ద ఒకటే ఉండాలన్నదాంట్లో పేచీ లేదు. ఆ కొలబద్దను మాటల పచ్చిదనం మీద పెట్టకుండా, మాట పడ్డవాళ్ళకు తిరిగి అనే చోటుందా లేదా అన్నదాని మీద పెట్టమనే కోరిక. వియ్యపురాలికి జవాబు చెప్పే హక్కుంది, బంగారక్కకుంది. పుట్టుమచ్చ వెతికించుకున్న పిల్లలకు లేదు. ఈ కొలబద్ద ఆడవాళ్ళ సినిమాలకూ వర్తిస్తుంది. 'వీరే ది వెడ్డింగ్' ఆ పరీక్షలో బొటాబొటి మార్కులతోనే గట్టెక్కుతుంది. తిట్టు ఉన్నచోటల్లా హాస్యం ఉందనుకోవడం ఆ సినిమా బలహీనత. నలుగురూ బూతులాడతారు గానీ, చమత్కారంగా ఆడేది తక్కువ. కోడుమూరు కలుపు గుంపులో ఆ సరుకు చెల్లదు.

ఇదంతా డబ్బున్న నగరాల ఆడవాళ్ళ గోల, పల్లెలకేం సంబంధం అన్నది ఇంకో మాట. 'వీరే ది వెడ్డింగ్' లాంటి సినిమాల మట్టుకు అది నిజమే. థాయిలాండ్ విహారాలు, విదేశీ మద్యం, లక్షల ఖరీదు లెహంగాలు చూస్తే స్వేచ్ఛంటే ఖర్చు పెట్టగలగడమేమో అనిపిస్తుంది. అయితే మోటు సరసం పుట్టిందే పల్లెలో, అదీ చెమటోడ్చే గుంపులో. దాన్ని నగరానికి అప్పగించి, పల్లెటూరి ఆడదాన్ని ఏడిపించడానికే అట్టిపెట్టుకున్నది సినిమావాళ్ళు. సీమ సంగతి మరీ అన్యాయం. 'సమరసింహారెడ్డి' (1999) నుంచి ఫ్యాక్షన్ కథల వరద మొదలయ్యాక కర్నూలు, కడప ఆడవాళ్ళకు దక్కిన పని శవం మీద పడి ఏడవడం, పగ తీర్చుకోమని కొడుక్కి చెప్పడం. ఆ ఇళ్ళలో నవ్విన మనిషే లేనట్టు. ఉత్తరాదిన 'లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా' భోపాల్‌లోని మధ్యతరగతి ఇళ్ళలోకి వెళ్ళింది. అందులో యాభై అయిదేళ్ళ బువాజీ చాటుగా శృంగార నవలలు చదువుకుంటుంది. 2017 జనవరిలో సెన్సార్ బోర్డు ఆ సినిమాకు సర్టిఫికెట్ నిరాకరించింది. ఆడవాళ్ళ వైపు మొగ్గిన కథ కావడం కూడా బోర్డు చెప్పిన కారణాల్లో ఒకటి. అప్పీలు ట్రిబ్యునల్ దయవల్ల జులైలో విడుదలైంది. చివర్లో బువాజీ పుస్తకాలు వీధినపడతాయి, ఆమె నవ్వులపాలవుతుంది. వయసు మళ్ళిన ఆడదాని కోరికను మన సినిమా విషాదంగానైతే ఒప్పుకుంటుంది. ఆమే నవ్వి, మనల్ని నవ్వించి, ఏ శిక్షా పడకుండా ఇంటికెళ్ళే కథకు ఇంకా ధైర్యం చాలడం లేదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. పెళ్ళి పాటకు వేళ ఉంది, వరస ఉంది, గది ఉంది. ఆ కట్టుబాటు లోపలే అది ముద్దు, సినిమా ఆ గోడ పడగొట్టి అందరి ముందూ పెడుతోంది, దాంతో పాత పాటను ముడిపెట్టడం తగదంటారు. ఇది తోసిపుచ్చేది కాదు. నిజానికి ఆ వేళ అంత గొప్పదీ కాదు. నలుగు నాడు వియ్యంకుడి మగతనం మీద పాట కట్టిన ఇల్లాలు, మర్నాడు సొంత మొగుడికి ఈ రాత్రి వద్దని చెప్పలేకపోయేది. వరస పేరు చెప్పి బావలు మరదళ్ళను ఇబ్బంది పెట్టిన ఇళ్ళూ లేకపోలేదు. పాట అయిపోగానే అంతా మునుపటిలా సర్దుకుంటుందనే నమ్మకంతోనే పెద్దలు ఆ పాటను సాగనిచ్చారు. సినిమాకు ఆ హామీ లేదు. హాల్లో మగవాళ్ళూ ఉంటారు, తమ మీద వేసిన జోకులు వింటారు. కొందరికి గుచ్చుకునేది బూతు కాదు, విన్నవాళ్ళలో తామూ ఉండటం. గోడ పడిపోవడం నష్టమేనని ఎవరైనా అంటే, ఎవరికి నష్టమని అడగాల్సి ఉంటుంది. పిల్లల ప్రస్తావన వస్తే, దానికి సర్టిఫికెట్లున్నాయి. 2024 నవంబర్ నుంచి యూఏలో కూడా 7, 13, 16 ఏళ్ళ మెట్లు పెట్టారు. పిల్లలు చూడకూడనిది పెద్దవాళ్ళూ చూడకూడదనే నియమం మగవాళ్ళ సినిమాలకు ఎన్నడూ లేదు.

అసలు లోటు మరొకటి. మోటు హాస్యం ఒంటరిగా పండదు. పక్కన నవ్వే మనిషి ఉండాలి, ఆ నవ్వు చూసి ఇంకొకరికి నవ్వు రావాలి. ఒకప్పుడు చిన్న ఊళ్ళ టాకీసుల్లో ఆడవాళ్ళకు వేరే టికెట్ కిటికీ, వేరే బెంచీలు, మధ్యన అడ్డు ఉండేవి. అడ్డు అవమానమే గానీ, దాని ఇవతల ఒక గుంపుండేది. ఇప్పుడు కోడుమూరు పిల్లయినా కూకట్‌పల్లి పిల్లయినా ఇలాంటి సినిమా చూడాలంటే ఫోన్‌లో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూస్తూ చూడాలి. మగపిల్లలు మాత్రం ఈలలేస్తూ హాల్లోనే చూస్తారు. ఫోన్‌లో చూసేవాళ్ళ లెక్కలు పట్టుకుని ఆడవాళ్ళ మోటు హాస్యానికి హాళ్ళలో గిరాకీ లేదంటారు నిర్మాతలు. గిరాకీ ఉందో లేదో తెలియాలంటే ముందు సరుకు పెట్టాలి. కథ కోసం వెతుక్కోనక్కర్లేదు. మిరప కోతలకు గుంటూరు వెళ్తున్న లారీలో పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళలో నిన్నగాక మొన్న పెళ్ళైన పిల్ల ఒకతి, డెబ్బై ఏళ్ళ అవ్వ ఒకతి, ముందు సీట్లో వినీ విననట్టు కూర్చున్న మేస్త్రీ ఒకడు. మాటలు సీమ యాసలో, సీమ ఆడమనిషే రాయాలి. సెన్సార్ వాళ్ళు దానికి యూఏ 16 ప్లస్ ఇస్తారో, 'ఎ' ఇచ్చి చేతులు దులుపుకుంటారో అప్పుడు చూసుకోవచ్చు.